ఉరి ఉత్తరాలకు నేను చేసిన మరమ్మతు

ఉరిశిక్ష పడిన ఒక మనిషి జైలు గదిలో కూర్చుని తల్లికి రాసిన ఉత్తరాలను దిద్ది, కడిగి, ఇస్త్రీ చేసి, ఆ మనిషి ఆనవాలు ఎక్కడా మిగలకుండా చేసిన ఘనత నాది. ఈ బంగారు గనుల ఊళ్ళో అంతటి పని ఇంకెవరూ చేయలేదు. పైగా ఒక్క వారంలో చేశాను, ఆఫీసు పనికి ఏ భంగమూ రానీయకుండా. ముప్పై ఆరేళ్ళు గని ఆఫీసులో ఏం సాధించావు తాతా అని అడిగే పిల్లలకు ముందుగా చెప్పేది ఈ సంగతే. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు, ముఖ్యంగా చేతిరాత బాగుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు, కొంచెం శ్రద్ధగా వినాలి.

గని ప్రభుత్వం చేతికి వచ్చిన కొద్ది కాలానికే నేను షాఫ్ట్ దగ్గర టైమాఫీసులో గుమాస్తాగా చేరాను. పని చిన్నదే. గనిలోకి దిగేవాడు మా కిటికీ దగ్గర తన నంబరు బిళ్ళ తీసుకుని దిగుతాడు, పైకి వచ్చాక తిరిగి ఇచ్చేస్తాడు. బోర్డు మీద మేకు ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అన్ని మేకులూ నిండేదాకా ఆ షిఫ్టు లెక్క మూయకూడదు. ఇదీ నా ఉద్యోగం. కానీ నాకు పేరొచ్చింది దీనివల్ల కాదు, అర్జీల వల్ల.

దొరల కాలంలో ఏదైనా కావాలంటే చేతులు కట్టుకుని నిలబడితే సరిపోయేదట. మన ప్రభుత్వం వచ్చాక అన్నీ కాగితం మీద ఉండాలి. నేనేమో బజారులో కిరాణా అంగట్లో పుట్టి పెరిగినవాణ్ణి. కొనేవాడు ఎలాగూ తగ్గిస్తాడు గనక అమ్మేవాడు ముందే పెంచి చెప్పాలన్నది మా నాయన దగ్గర నేర్చుకున్న చదువు. దాన్నే అర్జీల్లోకి తెచ్చాను. ఒక గది క్వార్టరు కావాలంటే రెండు గదులూ వరండా అడిగేవాణ్ణి. నాలుగు రోజుల సెలవు కావాలంటే పది రోజులు అడిగి, తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని రాసేవాణ్ణి. గని కూలీలుండే ఆ ఇళ్ళ లైన్లలో నా కలం దెబ్బకు మంచాన పడని ముసలమ్మ లేదు.

మా హెడ్ క్లర్కు తమిళాయన. ఇంగ్లీషు బాగా వచ్చు, నవ్వు అసలు రాదు. రోజూ పొద్దున్నే అడిగేవాడు: "ఏమయ్యా, ఈ వారం ఎంతమంది అమ్మల్ని సీరియస్ చేసినావు?"

అలాంటి నా దగ్గరికి ఒక రోజు ఒక నిజమైన తల్లి వచ్చింది. గని ఆసుపత్రిలో ఆయా పని చేసేది. భర్త గనిలోనే రాయి కూలి పోయాడు. ఒక్కడే కొడుకు, వాడూ గనిలోనే పని, బిళ్ళ నంబరు నాకు నోటికి వచ్చు. అంతకు రెండేళ్ళ ముందు జీతాల రోజు తాగి, తన జతగాడితో మాటా మాటా పెరిగి, గడ్డపారతో కొట్టాడు. అప్పటికి ఆ మనిషి బతికే ఉన్నాడు. కింద పడ్డవాణ్ణి మళ్ళీ కొట్టాడు. ఆ రెండో దెబ్బకే ఉరిశిక్ష పడింది.

"నాయనా, కోలారు లాయరయ్య చెప్పినాడు," అంది ఆ తల్లి, చంకలో సంచి దించుతూ. "ఇంగ ఢిల్లీకి అర్జీ పోవాలంట. దాంతోబాటు వీని ఉత్తరాలు కూడా పెడితే మనిషి మారినాడని తెలుస్తాదంట. చక్కంగా ఎవురు రాసిస్తారంటే అందురూ నీ పేరే చెప్పినారు."

"గడువు ఎన్ని దినాలు ఉండాదమ్మా?"

"పన్నెండు. అది దాటితే ఇంగ ఏమీ లేదంట."

లాయరుకు తెలుగు నకలూ ఇంగ్లీషు తర్జుమా రెండూ కావాలి. తర్జుమా చేస్తానని హెడ్ క్లర్కు ఒప్పుకున్నాడు. నకలు నా వంతు. సంచి ఇంటికి తీసుకుపోయి ఉత్తరాలు బయటికి తీశాను. రాష్ట్రం ఆ చివరనున్న జైలునుంచి వచ్చినవి, ప్రతిదాని మీదా జైలు ముద్ర. లైన్లలో రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు చూస్తున్నాయి.

చదవడం మొదలుపెట్టాను. ఉరి కోసం ఎదురుచూస్తున్న మనిషి రాయాల్సిన రాతలేనా ఇవి? ఒకదాంట్లో ఇలా ఉంది: "అమ్మా, ఈడ సంగటి లేదు. చపాతీ ఇస్తారు. అది నమిలి మింగేలోపల మంచి ఆలోచనలు శానా వస్తాయి." ఇంకోదాంట్లో: "పొద్దున రాముని తలుచుకుంటాను, సాయంత్రం యేసయ్యను. పక్క గదిలో సాయిబు నమాజు చేస్తే నేనూ సుమ్నే, ఊరికే, మోకాళ్ళ మీద కూర్చుంటాను. ముగ్గురు మేస్త్రీలుంటే పని ఆగదు గదా." మరొకటి: "పైన కిటికీలోంచి బెత్తెడంత ఎండ వస్తాది. దాంట్లో చెయ్యి పెట్టి కూర్చుంటాను. అన్ని వేల అడుగుల కింద పని చేసినోనికి బెత్తెడు ఎండ తక్కువనా?"

నా బిళ్ళల బోర్డు కూడా వచ్చింది ఆ ఉత్తరాల్లో. "షాఫ్ట్ కాడ బోర్డు మీద మేకు ఖాళీగా ఉంటే షిఫ్టు మూయరు గదా అమ్మా. దేవుని దగ్గర కూడా అట్లాంటి బోర్డు ఒకటి ఉంటాదని అనుకుంటాను. నా మేకు ఇంగా ఖాళీగానే ఉండాది. ఆయన లెక్క మూయలేదు."

ఇవన్నీ ఒక ఎత్తయితే, దాదాపు ప్రతి ఉత్తరం చచ్చిపోయినవాడితోనే మొదలయ్యేది. పొద్దున లేస్తూనే ముందు వాడి పేరు చెప్పుకుంటాననీ, ఆ తర్వాతే దేవుడి పేరనీ. భజనలో తాళం వాడే బాగా వేసేవాడనీ, తనకు ఇప్పటికీ తాళం తప్పుతోందనీ.

నాకు పట్టరాని చిరాకు వేసింది. సరుకు అమ్మడానికి వచ్చి మొదట దాని చిల్లు చూపించేవాడు ఉంటాడా? ఇక కలం తీశాను. చపాతీ పోయింది. ముగ్గురు దేవుళ్ళను కలిపి ఒకే సర్వేశ్వరుణ్ణి చేశాను, ఢిల్లీలో ఎవరికీ అభ్యంతరం ఉండకూడదని. బెత్తెడు ఎండ "జ్ఞానభానుని దివ్య కిరణ ప్రసారము" అయింది. బిళ్ళల బోర్డు "జగన్నియామకుని శాశ్వత గణన గ్రంథము" అయింది. ప్రతి ఉత్తరానికీ ముందు "ఓ కరుణాసముద్రా!" తగిలించాను. చచ్చిపోయినవాణ్ణి మాత్రం ఎక్కడ కనబడితే అక్కడ కొట్టేశాను. వాణ్ణి గుర్తు చేస్తే ఆఫీసర్లకు నేరం గుర్తొస్తుంది. అంగడి లెక్కలో ఇంతకంటే తెలివైన పని లేదు.

వారం తర్వాత షిఫ్టు అయ్యాక ఆ తల్లిని టైమాఫీసు వరండాలో కూర్చోబెట్టి చదివి వినిపించాను. హెడ్ క్లర్కు తలుపు దగ్గర నిలబడి విన్నాడు. నా గొంతుకు నేనే పొంగిపోతున్నాను. మూడో ఉత్తరం సగంలో ఆమె చెయ్యెత్తింది.

"ఆపు నాయనా."

"ఏమమ్మా, బాగలేదా?"

"శానా బాగుండాది. ఎవురిది ఇది?"

"ఎవురిదేంది, నీ కొడుకుదే."

"నా కొడుకుదా? వాడు నా ముందర 'ఓ కరుణాసముద్రా' అని ఉంటే చెంప మీద ఒకటిచ్చి, ఏ అంగట్లో తాగొస్తివిరా అని అడిగి ఉందును."

హెడ్ క్లర్కు గోడవైపు తిరిగాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

"అమ్మా, ఇది బేరం," అన్నాను. "కొంచెం పెంచి చెప్తేనే వాళ్ళు కొంచెం ఇస్తారు."

"సరే, పెంచితివి. వాని మాట యాడ పోయె?"

"ఎవురి మాట?"

"చచ్చిపోయినోని మాట. ఆ ఉత్తరాలు నాకు చదవను రాదు గానీ, లైన్లో పిల్లోళ్ళు ఒక్కోటి పదిసార్లు చదివిచ్చినారు. నాకు నోటికి వస్తాయి. ఒకటో అరో తప్ప వాణ్ణి తలవకుండా రాయలేదు నా కొడుకు."

పుచ్చు కాయలు ఎందుకు దాచాలో, మంచివి పైన ఎందుకు పెట్టాలో విడమరిచి చెప్పాను. ఆమె పూర్తిగా వినింది.

"అది వంకాయలకు సరిపోతాది నాయనా. నా కొడుకు రెండేండ్లుగా కూర్చోని చేసిందే ఆ పని. దాన్ని కోసేసి నీవు ఎవున్ని బతికిస్తావు? బతికినా నా ఇంటికి ఎవురొస్తారు?"

నేను హెడ్ క్లర్కువైపు చూశాను, పెద్దమనిషి ఏదైనా సాయం చేస్తాడని.

"ఇంగ్లీషు చెయ్యాల్సింది నేను గదా," అన్నాడాయన. "ఈ కాగితాలు చూస్తే ఢిల్లీవాళ్ళు ఏమంటారో తెలుసా? ఇంత పెద్ద సామియార్‌ని ఎందుకు ఆపాల, త్వరగా దేవుని దగ్గరికి పంపేస్తాము అంటారు."

గడువు ఇంకా అయిదు రోజులుంది. ఆ తల్లి సంచిలోంచి కింది ఉత్తరం ఒకటి తీయించింది. నేను కొట్టేసినవాటిలో పెద్దది అదే. అందులో ఇలా ఉంది: "వాడు పడిపోయినాక ఒక మాట చెప్పినాడు. అది కోర్టులో చెప్పలేదు. ఉత్తరంలో కూడా రాయను, ఇది పదిమంది చేతులు మారుతాది. ఆయమ్మ ముందర నిలబడి చెప్పాల్సిన మాట. నన్ను బతికించమని దేవుణ్ణి అడిగేది దానికోసరమే. అది చెప్పినాక ఆయన ఇష్టం."

"ఆయమ్మ" అంటే చచ్చిపోయినవాడి పెళ్ళాం. క్వార్టరు ఖాళీ చేయించాక బూదికోట పక్కనున్న పుట్టింటికి వెళ్ళిపోయింది.

"రేపు ఆ బిడ్డ దగ్గరికి పోదాము," అంది తల్లి. "ఇది వినిపిస్తాము. ఆ బిడ్డ వద్దంటే అర్జీయే వద్దు."

నేను చేతులు జోడించాను. ఉన్న అవకాశాన్ని మనమే చెడగొట్టుకుంటామని, ఆమె అన్నదమ్ములు కట్టె తీసుకుంటారని చెప్పాను. హెడ్ క్లర్కు మాత్రం లీవు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "కారణం దగ్గర అమ్మకు సీరియస్ అని రాయి. ఈసారైనా నిజంగా ఉంటుంది."

మర్నాడు బంగారుపేటలో బస్సు మారి, దిగి ఒక మైలు నడిచి ఆ ఊరు చేరాం. దారంతా నేను మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇంటి ముందు చెనిక్కాయ చెట్లు కుప్పగా వేసి ఆ అమ్మాయి ఒక్కతే కాయలు తెంపుతోంది. ఆమె తలెత్తి చూసి, మళ్ళీ దించుకుంది.

"ఈడికి వచ్చే ధైర్యం ఎట్ల వచ్చె పెద్దమ్మా నీకు?"

"ధైర్యం లేదు బిడ్డా. బస్సు ఉండాది, వచ్చినాను."

కూర్చోమని ఆమె అనలేదు. తల్లి కూర్చుని తనూ ఒక చెట్టు తీసుకుని కాయలు తెంపడం మొదలుపెట్టింది. నేను గొంతు సవరించుకున్నాను. "చూడమ్మా, పోయిన మనిషి ఎట్లా తిరిగిరాడు. ఉన్న మనిషినైనా..."

"నీవెవురు?"

"టైమాఫీసు గుమాస్తాను."

"అయితే మా ఆయన బిళ్ళ నీ దగ్గిరే ఉండాదా?"

నా దగ్గర జవాబులకు కొదవ లేదు. భద్రంగా పక్కన పెట్టామమ్మా అనవచ్చు. ఆమెకు ఊరటగా ఉంటుంది, నా పనీ అవుతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన ఆ తల్లి కాయలు తెంపడం ఆపి నా మొహంలోకి చూస్తోంది.

"లేదమ్మా," అన్నాను. "ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేసినాము. మూడో నెలలోనే."

ఆ అమ్మాయి చేతిలోని కాయలు కుప్ప పక్కన పోసింది. తర్వాత చీర కొంగుతో అరుగు మీద మట్టి దులిపింది. "కూర్చో అన్నా. ఏమో చదవాలని వచ్చినట్టుండారు. చదువు."

ఉన్నది ఉన్నట్టు చదివాను. వంకర అక్షరాల దగ్గర తడబడ్డాను. పడిపోయినాక ఒక మాట చెప్పినాడు అన్నచోట ఆమె చేతిలో చెట్టు కింద పడింది.

"ఏం మాట?"

"మాకు తెలీదమ్మా. నీకే చెప్తాడంట."

ఆమె నాకేసి కాదు, తల్లికేసి తిరిగింది. "పెద్దమ్మా, ఆ దినం పొద్దున నేను తిట్టి పంపిచ్చినాను. జీతం తాగేస్తే ఇంటికి రావద్దు, యాడన్నా చావు అంటిని. ఆ మాటే ఆఖరు. రెండేండ్లుగా అదే నా చెవుల్లో ఉండాది. ఆయన ఏమనుకొని పోయినాడో చెప్పేవాళ్ళు లేరు. వీనికి తెలుసునా?"

"తెలుసునంట బిడ్డా."

"అయితే వాణ్ణి ఉరి ఎందుకు తీస్తారు? ఉరి తీస్తే వానికి సులభంగా అయిపోతాది. నాకు ఎవురు చెప్తారు?" ఆమె నా వైపు తిరిగింది. "రాయన్నా. నేను క్షమించినానని రాయొద్దు."

"రాయనమ్మా."

"వాడు బతికొచ్చి నా ముందర నిలబడి ఆ మాట చెప్పాల. అది రాయి. చదివి వినిపించు."

అరుగు మీదే రాశాను. మూడు వాక్యాలు. నా జన్మలో రాసిన అన్ని అర్జీల్లోకీ చిన్నది. పెంచి అడిగింది ఏమీ లేదు, ఏ తల్లికీ జబ్బు చేయలేదు. నా పెన్ను సిరా ఆమె బొటనవేలికి పూసి వేలిముద్ర తీసుకున్నాను.

తర్వాతి మూడు రోజులు ఉత్తరాలన్నీ ముందున్నట్టే మళ్ళీ ఎత్తి రాశాను. చపాతీ తిరిగొచ్చింది, ఎండ తిరిగొచ్చింది, చచ్చిపోయినవాడు తన చోట్లలోకి తాను వచ్చి కూర్చున్నాడు. హెడ్ క్లర్కు పక్కనే ఇంగ్లీషు చేస్తూ గొణిగేవాడు: "దేవుణ్ణి మేస్త్రీ అని రాస్తే నాకు ఇంగ్లీషు రాదనుకుంటారయ్యా." కానీ అలాగే రాశాడు. బిళ్ళల బోర్డు దగ్గర మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ పేజీ మూడుసార్లు కొట్టేసి రాశాడు. గడువు చివరి రోజు కోలారు బస్సులో నేనే వెళ్ళి లాయరు చేతికిచ్చాను.

ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ ఆ తల్లి రోజూ డ్యూటీ దిగి మా కిటికీ ముందు నుంచే పోయేది. అడిగేది కాదు, చూసి పోయేది అంతే. ఒక రోజు లాయరు నుంచి కార్డు వచ్చింది: ఉరి రద్దు చేశారు, యావజ్జీవం వేశారు. ఆ కార్డు చదివి వినిపిస్తే ఆమె మొదట అన్న మాట: "చపాతీ ఇంగా శానా ఏండ్లు తినాల పాపం."

నా ఉత్తరాల వల్లే అయిందని లైన్లలో అందరూ అన్నారు. నేను కాదనలేదు, అంత మంచివాణ్ణి కాను. లాయరు మాత్రం కోర్టు కాగితాల్లో లోపం ఒకటి దొరికి ఉండవచ్చన్నాడు, ఆ అమ్మాయి వేలిముద్ర పనిచేసి ఉండవచ్చన్నాడు, అసలు ఎవరూ ఏమీ చదవకుండా సంతకం పెట్టి ఉండవచ్చని కూడా అన్నాడు.

పద్నాలుగేళ్ళు దాటాక అతను విడుదలై వచ్చాడు. జుట్టు నెరిసింది, నడక మాత్రం గని మనిషి నడకే, తల కొంచెం వంచి. వచ్చిన మూడో రోజే మేం నలుగురం బూదికోట బస్సెక్కాం. హెడ్ క్లర్కు అప్పటికి రిటైరయ్యాడు, అయినా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ తల్లి కిటికీ సీటు కోసం కండక్టరుతో పోట్లాడి గెలిచింది.

అతను ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. అరుగు ఎక్కలేదు. ఆమె గడప దగ్గర నిలబడింది.

"చెప్పు," అంది.

"ఫస్ట్ దెబ్బకు పడిపోయినాడమ్మా. పడి నా కాలు పట్టుకొని చెప్పినాడు: 'తిడితే తిట్టనీ, నన్ను ఇంటికి పట్టుకపోరా' అని." అతని గొంతు ఎక్కడా వణకలేదు, ఎన్ని వేలసార్లు చెప్పుకుని ఉంటాడో. "అప్పుడు నేను మళ్ళా కొట్టినాను."

ఆమె గడప మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం, ఏడుస్తూనే ఉంది, మధ్యలో నవ్వొచ్చింది. "తిడితే తిట్టనీ అన్నాడా? అట్లనే అంటాడు. ఎప్పుడూ అట్లనే."

తర్వాత లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు అంచున పెట్టింది, అతని చేతికి ఇవ్వలేదు. "తాగి పో. మళ్ళా రావద్దు," అంది. అతను తాగాడు. మళ్ళీ పోలేదు.

పిల్లలూ, బేరం తెలిసినవాణ్ణి గనక చివరి బిల్లు నేనే వేసి ఇస్తాను. చచ్చిపోయిన మనిషి ఒకడు, తిరిగొచ్చిన మనిషి ఒకడు. వీళ్ళిద్దరినీ ఒకరికొకరు చెల్లు పెట్టడం కుదరదు, రెండూ విడివిడిగానే ఉంటాయి. ఒక ఆడమనిషికి ఒక మాట అందింది. నా వంతు కీర్తి నాకు అనవసరంగా దక్కింది. ఇవి కాక ఒక బాకీ ఉంది. ఆ సంచిలో ఉత్తరాలు ముప్పై నాలుగు. ఢిల్లీకి పోయినవి ముప్పై మూడు. మొదటిసారి దిద్దుతున్నప్పుడు ఒకటి నాకు ఎంత తిప్పినా పనికిరాలేదు. ఆశ చచ్చినవాడి అర్జీకి ఎవరు విలువ ఇస్తారని దాన్ని చించి పొయ్యిలో వేశాను. ఆ తల్లి లెక్కపెట్టలేదు, నన్ను నమ్మింది. ఆమె బతికున్నంత కాలం చెప్పే ధైర్యం నాకు రాలేదు. చిన్న ఉత్తరం, అయిదు వాక్యాలు. చించినవాడికే గుర్తుంది:

"అమ్మా, ఈ దినం దేవుణ్ణి పిలిచినాను, పలకలేదు. సాయంత్రం దాకా పిలిచినాను. భయంగా ఉండాది. రాసేదానికి ఏమీ లేదు. రేపు మళ్ళా పిలుస్తాను."

దీనితో ముప్పై నాలుగు.